రిలే మోడెంను చివర్లో అతికించకండి: చిన్న ఉపగ్రహాల జట్లకు బహిరంగ లేఖ

భూమికి దగ్గరి కక్ష్యలోకి చిన్న ఉపగ్రహాలు పంపుతున్న విద్యార్థి జట్లకు, పరిశోధనా బృందాలకు, కొత్త కంపెనీలకు, వాటి డిజైన్లను సమీక్షించి నిధులిచ్చే కమిటీలకు,

నమస్కారం.

ఇతర ఉపగ్రహాల సందేశాలను అందుకుని నేలకు చేరవేసే తన టీడీఆర్ఎస్ రిలే ఉపగ్రహాల మీదికి నాసా కొత్త మిషన్లను తీసుకోవడం 2024 నవంబర్ 8 నుంచి ఆపేసింది. 1983 ఏప్రిల్‌లో ఛాలెంజర్ షటిల్ మోసుకెళ్లిన మొదటి ఉపగ్రహంతో ఆ వ్యవస్థ మొదలైంది. ఇక మీదట పాత మిషన్లకు మాత్రమే సేవ చేస్తూ మెల్లగా తప్పుకుంటుంది. ఆ ఖాళీని వాణిజ్య నెట్‌వర్కులు నింపాలని 2022 ఏప్రిల్‌లోనే ఇన్‌మార్‌శాట్, కైపర్, ఎస్ఈఎస్, స్పేస్ఎక్స్, టెలిశాట్, వయాశాట్ సంస్థలకు మొత్తం 27.85 కోట్ల డాలర్ల ప్రయోగాత్మక ఒప్పందాలు ఇచ్చారు. 2024 సెప్టెంబర్‌లో పొలారిస్ డాన్ యాత్రలో డ్రాగన్ నౌక స్టార్‌లింక్‌తో లేజర్ ద్వారా మాట్లాడింది. ఒకే టెర్మినల్ ప్రభుత్వ రిలే నుంచి వాణిజ్య రిలేకు మారగలదని చూపించడానికి 2025 జూలైలో పీఎక్స్‌టీ అనే పరికరం కక్ష్యకు వెళ్లింది.

ఈ వార్తలు చదివి చాలా జట్లు ఒక నిర్ణయానికి వచ్చేస్తున్నాయి: గ్రౌండ్ స్టేషన్ (ఉపగ్రహంతో నేరుగా మాట్లాడే నేల మీది రేడియో కేంద్రం) అక్కర్లేదు, ఒక చిన్న రిలే మోడెం (రిలే ఉపగ్రహాలతో మాట్లాడే రేడియో) కొని బోర్డు మీద పెట్టుకుంటే చాలు, ఉపగ్రహం ఎక్కడున్నా మనతో మాట్లాడుతూనే ఉంటుంది. ఆ నమ్మకంతోనే మోడెంను డిజైన్ చివరి దశలో, మిగిలిన కాస్త జాగాలో ఇరికిస్తున్నారు. ఈ లేఖ రాయడానికి కారణం అదే. రిలే నిజంగా మంచి సాధనం. సరిగ్గా వాడితే, ప్రాణం పోయిందనుకున్న ఉపగ్రహాన్ని గంటల్లోనే దారిలో పెట్టొచ్చు. కానీ దాన్ని డేటా దించే గొట్టంగా చూడకండి. అత్యవసర నాడిగా చూడండి. మొదటి డిజైన్ సమీక్ష నాటికే దాని యాంటెనా ముఖం, విద్యుత్, లైసెన్స్ తేల్చుకోండి. నేలతో నేరుగా మాట్లాడే సొంత రేడియోను మాత్రం తీసేయకండి. మా విన్నపం ఇంతే. కారణాలు కింద వివరంగా రాస్తున్నాం.

ముందు జ్యామితి. పొరపాట్లలో ఎక్కువ భాగం ఇక్కడే మొదలవుతాయి.

ఉపగ్రహ ఫోన్లు, సందేశాల వాణిజ్య నెట్‌వర్క్ అయిన ఇరిడియం ఉపగ్రహాలు 780 కి.మీ. ఎత్తున, ఆరు కక్ష్యా తలాల్లో, తలానికి 11 చొప్పున 66 తిరుగుతుంటాయి. ఒక్కొక్కటీ నేల వైపు ఒక శంకువులా తన సిగ్నల్‌ను పరుస్తుంది. నేల మీద నిలబడిన మనిషికి ఆ ఉపగ్రహం దిగంతానికి ఎనిమిది డిగ్రీల పైన కనిపించే వరకు సేవ అందుతుందనుకుంటే, నేల మీద ఆ శంకువు అడుగు వెడల్పు సుమారు 4,400 కి.మీ. పక్కపక్క ఉపగ్రహాల శంకువులు ఒకదాన్నొకటి కప్పుకుంటాయి కాబట్టి భూగోళంపై ఖాళీ అన్నదే ఉండదు. ప్రకటనల్లో కనిపించే ‘ప్రపంచమంతటా కవరేజీ’ అన్న మాటకు ఆధారం ఇదే.

ఇప్పుడు మీ ఉపగ్రహాన్ని 500 కి.మీ. ఎత్తున పెట్టండి. అది శంకువు అడుగున ఉండదు, పైకి, మొన దగ్గరికి జరిగింది. అక్కడ శంకువు వెడల్పు 1,100 కి.మీ. పైచిలుకు మాత్రమే. నేల మీద ఒక్కో ఉపగ్రహం కప్పే వాటాలో దాదాపు పదిహేడో వంతు. 66 శంకువులనూ కలిపి లెక్కేస్తే, ఆ ఎత్తులో గోళం మొత్తమ్మీద సగటున 11 శాతం చోటుకే సేవ అందుతుంది. 400 కి.మీ. వద్ద అది 23 శాతం, 600 కి.మీ. వద్ద 4 శాతం. ధ్రువాల దగ్గర తలాలన్నీ కలుస్తాయి కాబట్టి అక్కడ ఎక్కువ, భూమధ్యరేఖ మీద తక్కువ. 780 కి.మీ. దాటితే ఇక శంకువు మీ కిందికి వెళ్లిపోతుంది. ఇది కాగితం మీద ఒక త్రిభుజం గీసి ఎవరైనా సరిచూసుకోగల లెక్క. అయినా ‘ఎప్పుడూ లింక్ ఉంటుంది’ అని రాసిన డిజైన్ పత్రాలు ఇంకా సమీక్షలకు వస్తున్నాయి.

ఆ 11 శాతమైనా ఒకేసారి దొరకదు. ఇరిడియం ఉపగ్రహం, మీ ఉపగ్రహం ఎదురెదురుగా వెళ్తుంటే శంకువు మధ్యగుండా దాటినా 80 సెకన్ల లోపే అయిపోతుంది. అంచున దాటితే ఇంకా తక్కువ. ఆ వ్యవధిలోనే మోడెం సిగ్నల్ పట్టుకోవాలి, నెట్‌వర్క్‌లో నమోదవ్వాలి, సందేశం పంపాలి, ధ్రువీకరణ అందుకోవాలి. అదే రెండూ దాదాపు ఒకే దిశలో పోతుంటే అదే రిలే పావుగంటో అరగంటో మీ నెత్తి మీదే ఉంటుంది. అంటే మీ కక్ష్యా తలం ఏ ఇరిడియం తలాల సరసన పడుతుందన్నది మీ రోజువారీ అవకాశాలను తేలుస్తుంది. ప్రయోగానికి ముందే సిమ్యులేషన్ నడిపి, కనీసం ఒక నెల కాలానికి ఈ లెక్క చూసుకోండి. ప్రయోగ సమయం మారితే లెక్క మళ్లీ చేయండి.

జ్యామితి తర్వాత డాప్లర్, అంటే రెండూ దగ్గరవుతున్నా దూరమవుతున్నా ఫ్రీక్వెన్సీ మారినట్టు కనిపించడం. ఇరిడియం 1616 నుంచి 1626.5 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేస్తుంది. నేల మీది మోడెంకు కనిపించే గరిష్ఠ డాప్లర్ మార్పు సుమారు 36 కిలోహెర్ట్జ్. మోడెం దాన్ని ఊహించే తయారైంది. 500 కి.మీ. ఎత్తులో ఎదురెదురు ప్రయాణంలో, శంకువు అంచున, రెండు వేగాలూ కలిసి సెకనుకు 13.5 కి.మీ. దరిదాపు అవుతాయి. డాప్లర్ 73 కిలోహెర్ట్జ్‌కు చేరుతుంది. అంతకంటే ఇబ్బంది పెట్టేది మార్పు వేగం. నేల మీద రిలే సరిగ్గా నెత్తి మీదుగా దాటేటప్పుడు ఫ్రీక్వెన్సీ సెకనుకు సుమారు 340 హెర్ట్జ్ చొప్పున జారుతుంది. కక్ష్యలో రెండింటి మధ్య దూరం 280 కి.మీ.యే కాబట్టి అదే క్షణంలో సెకనుకు 4.4 కిలోహెర్ట్జ్ జారుతుంది, అంటే 12 రెట్లకు పైగా. సిగ్నల్ బలం అక్కడ అద్భుతంగా ఉంటుంది, అయినా మోడెం పట్టు తప్పుతుంది. సిగ్నల్ గీతలు నిండుగా చూపిస్తూ సందేశం మాత్రం విఫలమవుతోందంటే ముందు అనుమానించాల్సింది దీన్నే. యాంటెనాను తప్పుపట్టి విప్పిచూడటం మొదలుపెట్టొద్దు.

దీనికి మందు షెడ్యూలింగ్. మీ జీపీఎస్ స్థానం, రిలే ఉపగ్రహాల కక్ష్యా మూలకాలు (వాటి కక్ష్యను వర్ణించే అంకెలు) బోర్డు మీద ఉంటే, శంకువు లోపల ఉండి డాప్లర్ 35 కిలోహెర్ట్జ్‌లోపు ఉన్న సమయాలను ముందే లెక్కగట్టి అప్పుడే మోడెంను లేపొచ్చు. కక్ష్యా మూలకాలు పాతబడతాయి, వారానికోసారి కొత్తవి పైకి పంపాలి. ఆ పని సొంత రేడియో మీదుగా చేయండి. బోర్డు కంప్యూటర్‌కు అంత స్తోమత లేకపోతే, గుడ్డిగా నిమిషానికోసారి ప్రయత్నించే పద్ధతీ పనిచేస్తుంది. కానీ అది బ్యాటరీని తినేస్తుంది, అందుకే సేఫ్ మోడ్‌లో, అంటే లోపం వచ్చి ఉపగ్రహం అత్యవసర పనులకే పరిమితమైనప్పుడు, దాన్ని పది నిమిషాలకోసారి అని తగ్గించాలి.

గ్లోబల్‌స్టార్ అనే ఇంకో రిలే నెట్‌వర్క్ సంగతి వేరు. దాని ఉపగ్రహాలు 1,414 కి.మీ. ఎత్తున ఉంటాయి కాబట్టి 500 కి.మీ. వద్ద శంకువు ఇంత చిక్కిపోదు. కానీ అవి సిగ్నల్‌ను అద్దంలా కిందికి మళ్లిస్తాయంతే. ఉపగ్రహం నుంచి ఉపగ్రహానికి అందించుకోవు. ఆ క్షణంలో ఆ రిలేకు నేల మీద ఒక గేట్‌వే (ఆ నెట్‌వర్క్ సొంత నేల కేంద్రం) కనిపిస్తుంటేనే మీ మాట చేరుతుంది. మహాసముద్రాల నడిమధ్య చేరదు. పైగా చవకగా దొరికే సింప్లెక్స్ ట్రాన్స్‌మిటర్లు ఒకవైపే మాట్లాడతాయి: ఒక్కో ప్యాకెట్‌లో 9 బైట్లు, సెకనుకు 100 బిట్లు, అందిందో లేదో తెలియదు. బతికే ఉన్నాను, బ్యాటరీ ఇంత ఉంది అని చెప్పడానికి అది బాగుంటుంది. కమాండ్ తీసుకోవడానికి అసలు పనికిరాదు.

భూస్థిర కక్ష్యలోని రిలేలు, ఇన్‌మార్‌శాట్ లాంటివి, శంకువు సమస్యను చాలావరకు తప్పిస్తాయి. సింగపూర్‌కు చెందిన వెలాక్స్-2 ఉపగ్రహం 2015 డిసెంబర్‌లో వెళ్లి ఆ నెట్‌వర్క్ మీదుగా రిలే సాధ్యమని చూపించింది. అయితే దూరం 36,000 కి.మీ. దాకా ఉంటుంది. 1.6 గిగాహెర్ట్జ్ దగ్గర ఆ దారిలో నష్టం 188 డెసిబెల్స్. 280 కి.మీ. దూరంలోని ఇరిడియం దగ్గరికైతే 146. తేడా 42 డెసిబెల్స్, అంటే పదహారు వేల రెట్లు. అరచేతిలో ఇమిడే పలక లాంటి పాచ్ యాంటెనా, ఒకటిన్నర వాట్ల ట్రాన్స్‌మిటర్ దాన్ని పూడ్చలేవు. గురి పెట్టగల యాంటెనా, దానికి తగ్గ దిశా నియంత్రణ, అంతకు మించిన విద్యుత్ కావాలి. మీ ఉపగ్రహం అదుపు తప్పి దొర్లుతున్నప్పుడే కదా మీకు లింక్ అత్యవసరం, సరిగ్గా అప్పుడే గురి ఉండదు. ఇంకొకటి: ఆ బీమ్‌లు భూమి బింబం మీదికి గురిపెట్టి ఉంటాయి. భూస్థిర కక్ష్య నుంచి చూస్తే భూమి అంచు కేంద్రం నుంచి 8.7 డిగ్రీల్లో ఉంటుంది. ధ్రువం మీద 500 కి.మీ. ఎత్తున ఉన్న ఉపగ్రహం 9.2 డిగ్రీల్లో, అంటే బింబం బయట కనిపిస్తుంది. ధ్రువ కక్ష్యలో తిరిగేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

లేజర్ రిలేల గురించి క్లుప్తంగా చెప్తాం. యూరప్ లేజర్ రిలే వ్యవస్థ ఈడీఆర్ఎస్ 2016 నుంచి, భూమిని పరిశీలించే సెంటినెల్ ఉపగ్రహాల డేటాను సెకనుకు 1.8 గిగాబిట్ల వరకు భూస్థిర కక్ష్య మీదుగా దించుతోంది. పెద్ద చిత్రాలు, రాడార్ డేటా తీసేవాళ్లకు దారి అదే. మైక్రోరేడియన్ల స్థాయి గురి పెట్టలేని ఉపగ్రహానికి ఇప్పట్లో అది అందదు.

ఇక ఎంత డేటా పంపొచ్చు? ఇరిడియం షార్ట్ బర్స్ట్ (చిన్న సందేశాల) సేవలో 9602, 9603 మోడెంలు పైనుంచి కిందికి ఒక సందేశంలో 340 బైట్లు, కిందినుంచి పైకి 270 బైట్లు మోస్తాయి. రోజులో 11 శాతమంటే దాదాపు 9,500 సెకన్లు. ఒక్కో సందేశానికి 20 సెకన్లు పడితే, ఒక్కటీ విఫలం కాకపోతే 475 సందేశాలు. నిజ జీవితంలో సగమైనా పోతాయనుకుంటే 80 కిలోబైట్లు. అదే సెకనుకు 9,600 బిట్ల నేలతో నేరుగా మాట్లాడే మామూలు యూహెచ్ఎఫ్ రేడియో నేల మీది ఒక్క స్టేషన్ మీదుగా ఎనిమిది నిమిషాల పాస్‌లో (ఉపగ్రహం ఒకసారి స్టేషన్ మీదుగా దాటే సమయంలో), హెడర్లు తీసేయక ముందు, 576 కిలోబైట్లు దించుతుంది. 200 కిలోబైట్ల ఒక ఫొటోకు దాదాపు 590 ఇరిడియం సందేశాలు కావాలి. ఈ అంకెలు చూశాక కూడా గ్రౌండ్ స్టేషన్ ఖర్చు మిగులుతుందని సొంత రేడియో తీసేస్తామంటే, ఆ మిషన్ సైన్స్ డేటాను వదులుకున్నట్టే.

కానీ అదే యూహెచ్ఎఫ్ రేడియోకు ఒక స్టేషన్ మీద రోజుకు నాలుగైదు పాస్‌లే దొరుకుతాయి, ఒక్కొక్కటీ పట్టుమని పది నిమిషాలు కూడా ఉండదు. మధ్యలో గంటల తరబడి మౌనం. రిలే విలువంతా ఆ మౌనంలో ఉంది. కక్ష్యలోకి వదిలిన తొలి గంటల్లో యాంటెనాలు విచ్చుకున్నాయా, బ్యాటరీ ఎక్కుతోందా, ఎంత వేగంగా దొర్లుతోంది అన్నవి తెలిస్తే మిషన్ నిలబడుతుంది. వాటికి యాభై బైట్లు చాలు. సమయానికి 4 బైట్లు, రీబూట్ల లెక్కకు 2, మోడ్‌కు 1, చివరి రీసెట్ కారణానికి 1, బ్యాటరీ వోల్టేజీకీ కరెంటుకూ రెండేసి, ఆరు ఉష్ణోగ్రతలకు 6, ఐదు సోలార్ ప్యానెళ్ల కరెంట్లకు 5, మూడు అక్షాల భ్రమణ వేగానికి 6, స్థానానికి 9, చివరి కమాండ్ సంఖ్యకూ ఫలితానికీ 3, మిగిలిన మెమరీకి 2, మోడెం ప్రయత్నాలకూ విజయాలకూ 2, లోపాల జెండాలకు 4, చెక్‌సమ్‌కు (సందేశం పాడైందేమో సరిచూసే అంకెకు) 2. స్థానంలో ఒక్కో అక్షానికి 24 బిట్లు ఇస్తే మీటరు స్పష్టతతో ప్లస్ మైనస్ 8,388 కి.మీ. దాకా సరిపోతుంది; మీ కక్ష్యా వ్యాసార్ధం 6,900 లోపే. మొత్తం 51 బైట్లు. ఒక సందేశంలో ఇలాంటివి ఆరు పడతాయి. కాబట్టి ప్రతి సందేశంలో తాజా లెక్కతో పాటు వెనకటి ఐదు లెక్కలనూ పెట్టండి. మధ్యలో నాలుగు సందేశాలు పోయినా ఐదోది ఖాళీలన్నిటినీ పూడుస్తుంది. తిరిగి పంపమని అడిగే పద్ధతి కంటే ఇది చాలా నయం, ఎందుకంటే అడగడానికి కూడా లింకే కావాలి.

విద్యుత్ దగ్గర జరిగే తప్పు దాదాపు ఎప్పుడూ ఒకటే: సగటు చూసి శిఖరాన్ని మరిచిపోవడం. ఈ మోడెంలు 5 వోల్టుల మీద నడుస్తాయి. ఊరకే వెతుకుతున్నప్పుడు కొద్దిపాటి కరెంటే తాగుతాయి. పంపేటప్పుడు మాత్రం ప్రతి 90 మిల్లీసెకన్ల ఫ్రేములో 8.3 మిల్లీసెకన్ల పాటు ఒకటిన్నర ఆంపియర్ల దరిదాపు లాగుతాయి. మీ 5 వోల్టుల లైన్‌కు 0.5 ఆంపియర్ల పరిమితి ఉందనుకోండి. మిగతా 1 ఆంపియర్‌ను కెపాసిటర్ ఇవ్వాలి. వోల్టేజీ 0.2 కంటే పడకూడదంటే 1ని 0.0083తో గుణించి 0.2తో భాగించాలి: 41 మిల్లీఫారడ్లు. వందల మైక్రోఫారడ్లు పెట్టి సరిపోయిందనుకునే బోర్డుల్లో మోడెం సరిగ్గా పంపబోతూ రీసెట్ అవుతుంది. ప్రయోగశాల బల్ల మీద మూడు ఆంపియర్ల పవర్ సప్లైతో ఇది ఎప్పటికీ బయటపడదు. సూపర్ కెపాసిటర్ వాడితే దాని అంతర్గత నిరోధాన్ని కూడా లెక్కలోకి తీసుకోండి, 0.1 ఓమ్ ఉంటే 1 ఆంపియర్‌కు అక్కడే 0.1 వోల్టు పోతుంది. శూన్యంలో ఉబ్బని, కారని రకమని థర్మల్ వ్యాక్యూమ్ పరీక్షలో తేల్చుకోవాలి. గాలి లేదు కాబట్టి మోడెం వేడి బయటికి పోయే దారి లోహమే. మోడెంను నాలుగు స్క్రూల మీద వేలాడదీయకుండా ఫ్రేముకు ఉష్ణవాహక ప్యాడ్‌తో ఆనించండి.

యాంటెనా ఆకాశం వైపు చూడాలి. నేలతో మాట్లాడే యాంటెనాలన్నీ కిందికి చూస్తాయి కాబట్టి ఇది చాలామందికి ఆలస్యంగా తడుతుంది. ఆ పై ముఖమే జీపీఎస్‌కూ కావాలి, నక్షత్రాలను చూసి దిశ తెలుసుకునే స్టార్ ట్రాకర్‌కూ కావాలి, చాలాసార్లు సోలార్ సెల్స్‌కూ కావాలి. 500 కి.మీ. ఎత్తున శంకువు అంచు నెత్తి నుంచి 66 డిగ్రీల వరకు వస్తుంది. వృత్తాకార ధ్రువణం ఉన్న పాచ్ అక్కడిదాకా లాభం నిలుపుకోవాలి. అంచులో ఎంత పడిపోతుందో యాంటెనాలు పరీక్షించే చాంబర్‌లో కొలవండి, ఒక్క పాచ్‌ను కాకుండా మొత్తం ఉపగ్రహం నమూనా మీద బిగించి కొలవండి. దొర్లినా దొరకాలని రెండు ఎదురు ముఖాల మీద రెండు పాచ్‌లు పెట్టి స్ప్లిటర్‌తో కలిపితే ముందే 3 డెసిబెల్స్ పోతాయి, పక్కవైపుల్లో రెండు సిగ్నళ్లు కొట్టేసుకుంటాయి. వీలుంటే స్విచ్ వాడండి. జీపీఎస్ ఎల్1 1575.42 మెగాహెర్ట్జ్, ఇరిడియం 1616 పైన. మధ్య 40 మెగాహెర్ట్జ్‌లే. పక్కపక్కనే బిగిస్తే మోడెం పంపిన ప్రతిసారీ జీపీఎస్ రిసీవర్ చెవిటిదవుతుంది. మంచి ఫిల్టర్ ఉండాలి, లేదా పంపే సమయంలో వచ్చిన జీపీఎస్ ఫలితాలను సాఫ్ట్‌వేర్ పక్కన పెట్టాలి.

సాఫ్ట్‌వేర్‌లో మూడు విషయాలు. సందేశాన్ని బఫర్‌లో పెట్టి సెషన్ మొదలుపెడితే మోడెం ఒక స్థితి సంఖ్య ఇస్తుంది. 32 అంటే నెట్‌వర్క్ దొరకలేదు. 18 అంటే మధ్యలో రేడియో లింక్ తెగింది. ఈ 18తోనే జాగ్రత్త: సందేశం గేట్‌వేకు చేరి, ధ్రువీకరణ మాత్రం మీకు రాకపోయి ఉండొచ్చు. మళ్లీ పంపితే కింద రెండు కాపీలు వస్తాయి. అందుకే ప్రతి సందేశంలో మీ సొంత వరుస సంఖ్య ఉండాలి, వడపోత కింద జరగాలి. రెండోది, పైకి పంపిన కమాండ్ గేట్‌వేలో వరుసలో కూర్చుంటుంది, సెషన్‌కు ఒకటి చొప్పున దిగుతుంది. నిన్న సాయంత్రం పంపిన ‘హీటర్ ఆపు’ ఈ రోజు చల్లటి నీడలో అందొచ్చు. ప్రతి కమాండ్‌కూ గడువు సమయం రాయండి, గడువు దాటితే ఉపగ్రహం దాన్ని పారేసి ఆ సంగతి చెప్పాలి. మూడోది భద్రత. ఈ సందేశాలు మామూలు ఈమెయిల్‌గానో ఇంటర్నెట్ సర్వర్ మీదుగానో నెట్‌వర్క్‌లోకి వెళ్తాయి. మోడెం నంబరు తెలిసినవాడు పంపలేడని అనుకోకండి. రహస్య తాళంతో లెక్కగట్టిన ధ్రువీకరణ ముద్ర, వెనక్కి తిరగని కౌంటర్, రెండూ తప్పనిసరి. 270 బైట్లలో వాటికి 20 బైట్లు కేటాయించినా ఇంకా బోలెడు చోటుంటుంది. ఇంకో చిన్న విషయం: సందేశంతో పాటు నెట్‌వర్క్ ఒక అక్షాంశం, రేఖాంశం జతచేస్తుంది. అది మీరు నేల మీద ఉన్నారన్న ఊహతో వేసిన లెక్క. కక్ష్యా నిర్ధారణకు దాన్ని వాడొద్దు.

ఇప్పుడు లైసెన్స్. మిగతావన్నీ ఇంజినీర్లు రాత్రిళ్లు కూర్చుని సరిదిద్దుకోగలరు. దీన్ని సరిదిద్దలేరు.

మోడెం పెట్టె మీద ఉన్న ధ్రువీకరణ నేల మీద, నీటి మీద, విమానంలో వాడటానికి. అంతర్జాతీయ రేడియో నిబంధనల్లో ఆ ఫ్రీక్వెన్సీలు ‘భూమి నుంచి అంతరిక్షానికి’, ‘అంతరిక్షం నుంచి భూమికి’ అని కేటాయించారు. కక్ష్యలో ఉన్న మీ మోడెం భూమి కాదు. అది పంపేది అంతరిక్షం నుంచి అంతరిక్షానికి. కాబట్టి సేవ కొన్నంత మాత్రాన అనుమతి వచ్చినట్టు కాదు. మీ దేశ స్పెక్ట్రమ్ సంస్థ ద్వారా, ఎవరికీ అంతరాయం కలిగించను, నాకు కలిగితే రక్షణ అడగను అన్న షరతు మీద ప్రయోగాత్మక అనుమతి తెచ్చుకోవాలి. ఆ పరిధి పక్కనే, 1610.6 నుంచి 1613.8 మెగాహెర్ట్జ్ మధ్య, రేడియో ఖగోళ శాస్త్రవేత్తలు అంతరిక్షంలోని హైడ్రాక్సిల్ అణువుల రేడియో సిగ్నల్‌ను (హైడ్రాక్సిల్ రేఖను) వింటారు. మీ బయటి ఉద్గారాలు అక్కడ ఎంతుంటాయో కొలిచి చూపించాలి. రిలే సంస్థ నుంచి సమ్మతి పత్రం కూడా అడుగుతారు. 2012 అక్టోబర్‌లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం నుంచి వదిలిన టెక్ఎడ్‌శాట్ అనే చిన్న ఉపగ్రహంలో ఇరిడియం, ఆర్బ్‌కామ్ నెట్‌వర్కుల లింకులను పరీక్షించాలన్నది అసలు ఉద్దేశం. లైసెన్స్ సమయానికి రాక ఆ భాగాన్ని ప్రయోగానికి ముందే పనిచేయకుండా చేయాల్సి వచ్చింది. నాసా కేంద్రం అండ ఉన్న జట్టుకే అలా అయింది.

కా-బ్యాండ్ అనే, ఇంతకంటే చాలా ఎక్కువ ఫ్రీక్వెన్సీల పరిధిలో పరిస్థితి మెరుగైంది. 2023 చివర్లో దుబాయ్‌లో జరిగిన ప్రపంచ రేడియో సదస్సు 18.1 నుంచి 18.6, 18.8 నుంచి 20.2, 27.5 నుంచి 30 గిగాహెర్ట్జ్ పరిధుల్లో ఉపగ్రహాల మధ్య లింకులకు దారి తెరిచింది. షరతు ఏమిటంటే, సేవ పొందే ఉపగ్రహం తక్కువ ఎత్తులో, రిలే శంకువు లోపల ఉండాలి. మనం పైన గీసిన శంకువే అక్కడ చట్టంలోకి ఎక్కింది. ఇరిడియం, గ్లోబల్‌స్టార్, ఇన్‌మార్‌శాట్ వాడే, తక్కువ ఫ్రీక్వెన్సీల ఎల్, ఎస్ పరిధులకు ఇలాంటి నియమం ఇంకా లేదు. 2027 సదస్సు ఎజెండాలో 1.11 అంశం దాని గురించే.

అనుమతి పత్రంతో పాటు ఇంకో నియమం చదవండి. రేడియో నిబంధనల 22.1 ప్రకారం, అవసరమైతే అంతరిక్షంలోని ప్రతి రేడియో కేంద్రం (అంటే మీ ఉపగ్రహం కూడా) ఉద్గారాన్నీ కమాండ్‌తో వెంటనే ఆపగలగాలి. మీ ఉపగ్రహానికి కమాండ్ చేరే దారి రిలే ఒక్కటే అయితే, ఆ రిలే మోడెంలోనే లోపం వచ్చి అది ఆగకుండా పంపుతుంటే, దాన్ని ఎలా ఆపుతారు? సొంత రేడియో ఉంచమని పట్టుబట్టడానికి మాకున్న అతి బలమైన కారణం ఇది. ఆ రేడియో రిసీవర్ నుంచి మోడెం పవర్ స్విచ్‌కు, ప్రధాన కంప్యూటర్‌ను దాటుకుని, నేరుగా ఒక వైరు ఉండాలి. దానికి తోడు ఒక హార్డ్‌వేర్ టైమర్: మోడెం వరుసగా ఇన్ని నిమిషాలకు మించి వెలిగి ఉంటే కరెంటు తీసేయాలి. అలాగే చిన్న పెట్టెల్లాంటి ఉపగ్రహాలకు ఉన్న క్యూబ్‌శాట్ ప్రమాణం ప్రకారం వదిలిన తర్వాత 45 నిమిషాల దాకా ఏ సిగ్నలూ పంపకూడదు. ఆ టైమర్ మోడెంకు కూడా వర్తిస్తుందని కొందరు మరిచిపోతున్నారు, పవర్ రాగానే మోడెం తనంతట తాను నమోదు కోసం సిగ్నల్ పంపేస్తుంది.

పరీక్షల విషయంలో ఒకటే అడుగుతున్నాం. మేడ మీద పెట్టి సందేశం వచ్చిందని ఫలితాల పట్టికలో ‘ఉత్తీర్ణం’ అని రాయకండి. బెలూన్‌లో ముప్పై కి.మీ. ఎత్తుకు పంపినా అంతే. ఆ పరీక్షలు మోడెం, ఖాతా, వైరింగ్ పనిచేస్తున్నాయని చెప్తాయి. కక్ష్యలోని డాప్లర్ గురించి, చిక్కిన శంకువు గురించి ఏమీ చెప్పవు. ఛానల్ సిమ్యులేటర్ దొరికితే 73 కిలోహెర్ట్జ్ మార్పునూ సెకనుకు 4 కిలోహెర్ట్జ్ జారుడునూ కలిపి పరీక్షించండి. దొరకకపోతే ఆ సంగతి సమీక్ష పత్రంలో తెరిచిన అంశంగానే ఉంచండి, మూసేయకండి.

సమీక్ష కమిటీలకు ప్రత్యేకంగా ఒక మాట. రిలే ఉందని చెప్పే ఏ మిషన్ నుంచైనా మొదటి సమీక్షలోనే వాళ్ల కక్ష్యకు తగ్గ అందుబాటు లెక్క, శిఖర కరెంటు కింద వోల్టేజీ కొలత, లైసెన్స్ దరఖాస్తు పెట్టిన తేదీ, రిలే పూర్తిగా పోయినా కనీస విజయం ఎలా సాధిస్తారన్న పేజీ అడగండి. దరఖాస్తు పెట్టలేదంటే మోడెం బరువును, జాగాను డిజైన్‌లో ఉంచనివ్వండి కానీ విజయ ప్రమాణాల్లో దాన్ని లెక్కించొద్దు. ఒకే నెట్‌వర్క్ మీద ఆధారపడిన జట్టును, ఆ సంస్థ సేవ ఆపేస్తే ఏం చేస్తారని కూడా అడగండి. ఇరిడియం మొదటి సంస్థ 1999లోనే దివాలా రక్షణ కోరింది. ఉపగ్రహాలు కొత్త యాజమాన్యం కింద బతికాయి, ప్రతిసారీ అలా జరుగుతుందన్న హామీ లేదు.

ఇప్పటికే కక్ష్యలో రిలే మోడెంలు నడుపుతున్న జట్లను చివరగా అడిగేది ఇదీ. 1.11 అంశం మీద మీ దేశ స్పెక్ట్రమ్ సంస్థ 2027 సదస్సుకు తన వైఖరి సిద్ధం చేసుకుంటోంది. వాళ్ల బల్ల మీద ఉన్నవి ఎక్కువగా సిమ్యులేషన్లు. మీ దగ్గర ఉన్నవి కొలతలు: ప్రతి ప్రయత్నానికీ సమయం, మీ స్థానం, ఆ క్షణంలో దగ్గరున్న రిలే, లెక్కగట్టిన డాప్లర్, సిగ్నల్ బలం, స్థితి సంఖ్య, పంపిన శక్తి. విఫలమైన ప్రయత్నాలను కూడా ఉంచండి, అవే ఎక్కువ చెప్తాయి. ఒక్క పట్టికగా చేసి, అంతరాయం ఫిర్యాదు ఏదైనా వచ్చిందా లేదా అన్నది కూడా రాసి, సదస్సు సన్నాహక నివేదికలు ఖరారయ్యేలోపే పంపండి.

ఇట్లు,
చిన్న ఉపగ్రహాల రేడియో లింకుల మీద పనిచేసే ఇంజినీర్లు